క్రూడ్ దిగిందని పెట్రోల్ ఖర్చు తగ్గించి రాసుకోకండి

ప్రశ్న: మాది గుంటూరు, ఉద్యోగం విజయవాడలో. రోజూ స్కూటర్ మీదే వెళ్లి వస్తాను. పెట్రోల్‌కు నెలకు 4,400 దాకా అవుతోంది. 2025 ఏప్రిల్‌లో క్రూడ్ (ముడి చమురు) బ్యారెల్ 60 డాలర్లకు దిగింది కదా, పెట్రోల్ కూడా తగ్గుతుంది, అందులో వెయ్యి మిగిల్చి చీటీ వేద్దామనుకుంటున్నాను. చవగ్గా ఉన్నప్పుడే ఎంసీఎక్స్‌లో (సరుకుల ఫ్యూచర్స్ మార్కెట్) క్రూడ్ కొనిపెట్టమని స్నేహితుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ వెయ్యి పెట్రోల్‌లోంచి మిగలదండి. దాన్ని నమ్ముకుని చీటీ వేయకండి.

రోజుకు 70 కిలోమీటర్లు, 26 రోజులు, మైలేజీ 45 అనుకుంటే మీకు నెలకు 40 లీటర్లు కావాలి. వెయ్యి మిగలాలంటే లీటరుకు 25 రూపాయలు తగ్గాలి. బ్యారెల్ అంటే 159 లీటర్లు. డాలర్ 85 రూపాయల లెక్కన, బ్యారెల్‌కు 10 డాలర్లు తగ్గితే లీటరు క్రూడ్‌కు తగ్గేది 5.35. అదంతా బంకు దాకా వచ్చినా, దాని మీద పడే 31 శాతం వ్యాట్ కూడా కలిపి 7 రూపాయలు. మీ జేబులో మిగిలేది 280.

ఆ 7 కూడా చాలాసార్లు రాదు. 2014 జూన్‌లో క్రూడ్ సుమారు 110 డాలర్లు, డాలర్ 60 రూపాయలు. అంటే లీటరు క్రూడ్ 41.50. 2025 ఏప్రిల్‌లో 60 డాలర్ల దగ్గర, డాలర్ 85కి, లీటరు 32. డాలర్లలో దాదాపు సగం పడింది, రూపాయల్లో తగ్గింది 9.50 మాత్రమే. ఈలోగా కేంద్ర ఎక్సైజ్ సుంకం లీటరుకు 9.48 నుంచి 21.90కి చేరింది. తగ్గిందంతా అక్కడే పోయింది, పైగా ఇంకో మూడు రూపాయలు. ఈ సుంకం శాతం కాదు, లీటరుకు ఇంత అని. క్రూడ్ ఎంత పడినా కదలదు. 2025 ఏప్రిల్‌లో దాన్ని 2 రూపాయలు పెంచినా బంకు ధర మారలేదు, చమురు కంపెనీలే భరించాయి. మీరు ఎదురుచూసిన తగ్గుదలలో కొంత అలా వెళ్లింది. మన రాష్ట్రంలో వ్యాట్ మీద మళ్లీ లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి.

ఎంసీఎక్స్ మాటకొస్తే, వద్దు. అది కొని దాచుకునే సరుకు కాదు, నెలనెలా గడువు తీరే కాంట్రాక్టు. పెద్ద లాటు, అంటే ఒక కాంట్రాక్టులో ఉండే సరుకు, 100 బ్యారెళ్లు. 2020 ఏప్రిల్ కాంట్రాక్టు బ్యారెల్‌కు మైనస్ 2,884 రూపాయల దగ్గర సెటిల్ అయింది. చవగ్గా ఉందని కొని చివరిదాకా ఉంచుకున్నవాళ్లకు కొన్న ధర మొత్తం పోయింది, పైన లాటుకు 2,88,400 ఎదురు కట్టాల్సి వచ్చింది. చీటీకి వెయ్యి వెతుక్కునే ఇంటికి ఆ దెబ్బ తట్టుకునే శక్తి ఉండదు.

బడ్జెట్‌ను రూపాయల్లో కాకుండా 40 లీటర్లు అని రాసుకోండి. పొద్దున బండి తీయకముందే, టైర్లు చల్లగా ఉండగా, వారానికోసారి గాలి చూసుకోండి. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించండి. మైలేజీ 45 నుంచి 50కి వస్తే నెలకు నాలుగు లీటర్లు, దాదాపు 440 రూపాయలు మిగులుతాయి. క్రూడ్ 10 డాలర్లు పడినా ఇంత రాదు. మీ ఆఫీసు వేళలకు రైలు కుదిరితే గుంటూరు–విజయవాడ నెల పాస్ కొన్ని వందల్లోనే వస్తుంది. స్టేషన్ దాకా బండి ఖర్చు కలిపినా చీటీకి కావలసిన వెయ్యి నిజంగా చేతిలో ఉంటుంది. ముందు రెండు నెలలు అలా వెళ్లి చూసి, ఆ డబ్బు మిగిలాకే చీటీలో చేరండి.