పాప ఆపరేషన్‌కి 10,000 అడుగుతున్నారు, పంపనా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పాప గుండె ఆపరేషన్‌కని ఫొటో, క్యూఆర్ కోడ్ పెట్టారు. సాయంత్రంలోగా డబ్బు కట్టాలట. 10,000 పంపుదామనుకుంటున్నా. 80జీ రసీదు (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కోసం) కూడా ఇస్తారట. పంపవచ్చా? - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇప్పుడే పంపకండి మేడమ్. నాకు ముందు అనుమానం వచ్చింది ఆ 80జీ మాట దగ్గరే. ఒక మనిషి వైద్యానికి నేరుగా ఇచ్చే డబ్బుకు ఆ మినహాయింపు రాదు, ఆ సెక్షన్ కింద నమోదైన సంస్థకు ఇస్తేనే వస్తుంది, అదీ మీరు పాత పన్ను విధానంలో ఉంటేనే. మాది ట్రస్టే అంటారా, పాన్ నంబరు అడిగి ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. వాళ్లు పంపే పీడీఎఫ్ సర్టిఫికెట్‌ని నమ్మొద్దు, అలాంటిది ఎవరైనా తయారుచేయగలరు.

గ్రూపులో పెట్టినాయనకి ఆ కుటుంబం స్వయంగా తెలుసా? చాలాసార్లు ఆయనకీ అది ఫార్వర్డే. ఆసుపత్రి పేరు, పాప ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు రోగికి ఇచ్చే నంబరు) అడగండి. మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకి కాకుండా, ఆసుపత్రి సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, ఆ ఐపీ నంబరు మీద డబ్బు కట్టొచ్చా అని బిల్లింగ్ వాళ్లని కనుక్కుని, నేరుగా ఆసుపత్రి ఖాతాకే కట్టండి. నిజంగా అవసరంలో ఉన్నవాళ్లు దీనికి సంతోషంగా ఒప్పుకుంటారు. "అంత శ్రమెందుకండీ, మాకే వేసేయండి" అన్నారంటే అక్కడితో ఆపేయండి. పిల్లల గుండె ఆపరేషన్లు ఎన్టీఆర్ వైద్య సేవలో (మునుపటి ఆరోగ్యశ్రీ) ఉన్నాయి కాబట్టి దానికి దరఖాస్తు చేశారా అని కూడా అడగండి. చేయలేదంటే మోసమే అని కాదు, కానీ జవాబు ఎలా చెబుతారో చూడండి.

యూపీఐలో పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద కనిపించే పేరు చదవండి. ట్రస్టు అని చెప్పి ఎవరిదో సొంత పేరు వస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు. 2020 మార్చిలో పీఎం కేర్స్ నిధి ప్రకటించీ ప్రకటించగానే, అసలు ఐడీలో ఇంగ్లీషు 'ఎస్' అక్షరం ఒక్కటి తీసేసి 'పీఎం కేర్' అని నకిలీ ఐడీ పెట్టారు, హడావుడిలో ఎవరు చూస్తారు చెప్పండి!

ట్రస్టుకే ఇవ్వాలనుకుంటే నగదు వద్దు. 2,000 దాటిన నగదు విరాళానికి మినహాయింపు లేదు. రసీదు ఒక్కటే కాదు, ఫారం 10బీఈ (మినహాయింపు కోసం ట్రస్టు ఇచ్చే విరాళ సర్టిఫికెట్) కూడా అడిగి తీసుకోండి.

ఈపాటికే పంపేసి ఉంటే మొహమాటపడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతూ ఉంటుంది.