సజ్జ లేని తెల్ల డాబా కారుతుందా?

పారిస్ దగ్గరి విల్లా సావోయ్ అనే ఇంటి ఫొటో పెట్టి ఒకరు, "ఇలాంటి ఇల్లు కట్టుకుంటే మన వానలకు డాబా కారుతుందా?" అని అడిగారు. డాబాని ఆడిపోసుకోకండి పాపం. మన ఊళ్ళన్నీ డాబాలే. కారేది దానికి పెట్టిన చిల్లుల దగ్గర, అంచుల దగ్గర.

ఆర్కిటెక్టులు లె కార్బూజియే, పియేర్ జాన్నరే కలిసి 1928-31లో కట్టిన ఇల్లది. సన్నటి స్తంభాల మీద తెల్లటి పెట్టె, చుట్టూ పట్టీలా కిటికీలు. సజ్జా లేదు, చూరూ లేదు. 1936లో ఇంటావిడ కార్బూజియేకి ఉత్తరం రాసింది: హాల్లో వాన, ర్యాంపు మీద వాన, గ్యారేజీ గోడ తడిసి ముద్ద, బాత్రూములోకైతే పైకప్పు అద్దంలోంచే నీళ్ళు. మరుసటేడు కోర్టు మాట కూడా ఎత్తింది.

ఆ బాత్రూము పైకప్పు అద్దం దగ్గరే మనవాళ్ళూ బోల్తా పడతారు. అద్దం చుట్టూ గట్టు 150 మి.మీ. ఉండాలి, అదీ పూర్తయిన డాబా మీదినుంచి. స్లాబు మీదినుంచి కొలిస్తే, నీళ్ళు జారే వాటం కోసం మేస్త్రీ మూడంగుళాలు పోశాక మిగిలేది సగమే. వాటర్‌ప్రూఫింగు గట్టు పైదాకా ఎక్కాలి, అద్దం ఫ్రేము దాని మీదుగా బయటికి దిగాలి. వాటం కనీసం వందకి ఒకటి. పిట్టగోడ మొదట్లో మూల గుండ్రంగా తిప్పించండి. టైల్స్‌కి ముందు 48 గంటలు నీళ్ళు నిలబెట్టి చూడండి. డాబా మీది వాన నీళ్ళు దిగే గొట్టాలు గోడలో దాచొద్దు. ఆకులు అడ్డుపడితే ఎక్కడ పూడిందో తెలియదు.

గోడల సంగతి వేరు. కాంక్రీటు చట్రం, మధ్యలో ఇటుక, రెండిటి మీదా ఒకే ప్లాస్టరింగు. ఎండకి రెండూ ఒకేలా సాగవు, అతుకు దగ్గర వెంట్రుకవాసి పగులు వస్తుంది. తెల్ల గోడ మీద అది ముందు కనపడదు, చెమ్మ మరక వచ్చాకే కనపడుతుంది. అతుకు మీద చికెన్ మెష్ (సన్న ఇనుప వల) కొట్టించాకే ప్లాస్టరింగు చేయించండి.

ఇక ఈ ఎలివేషన్ పిచ్చి, అంటే ఇంటి ముందువైపు అందం పిచ్చి! త్రీడీ బొమ్మలో అందంగా లేదని సజ్జ తీసేస్తారు, తర్వాత కిటికీకి సిలికాన్ పూస్తూ కూర్చుంటారు. ఆ కార్బూజియేనే చండీగఢ్ వచ్చాక హైకోర్టుకి గొడుగులాంటి పైకప్పు వేశాడు, ఎండ ఆపడానికి లోతైన కాంక్రీటు గళ్ళు పెట్టాడు. మీరు రెండడుగుల సజ్జ వేయించండి, అడుగున అంచు వెంబడి అరంగుళం గాడి తీయించండి. గాడి లేకపోతే నీళ్ళు సజ్జ అడుగునే పాకి గోడలోకి దిగుతాయి.