జీతం తగ్గేది ఇంటికి, పొదుపు తగ్గేది మీ పేరు మీద

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, వారానికి 40 గంటల పని. ఇద్దరు పిల్లలు బడికి వెళ్తున్నారు. 24 గంటలకు మారితే 60 శాతం జీతం ఇస్తామంటున్నారు. అలా మారిన స్నేహితురాళ్లు ప్రాణం హాయిగా ఉందంటున్నారు. ఐదేళ్లు ఇలా చేసి మళ్లీ ఫుల్‌టైమ్‌కి వెళ్దామనుకుంటున్నాను. మావారి జీతం ఉంది కదా, ఇబ్బంది పడతామా?

జవాబు: మీ స్నేహితురాళ్లు చెప్పేది ఉత్త మాట కాదు. బ్రిటన్ కుటుంబాల సర్వే ఆధారంగా ఆర్థికవేత్తలు ఆలిసన్ బూత్, యాన్ వాన్ ఔర్స్ 2008లో ప్రచురించిన అధ్యయనంలోనూ పార్ట్‌టైమ్ చేసే స్త్రీలకు ఉద్యోగం మీద తృప్తి ఎక్కువగానే కనిపించింది. కానీ మొత్తం జీవితం మీద తృప్తి అడిగితే, పనిగంటలతో తేడా దాదాపు రాలేదు. అందుకే మిగిలే ఆ 16 గంటల్లోకి ఇంటిపని ఎంత వచ్చి చేరుతుందో ఇద్దరూ ముందే మాట్లాడుకోండి.

మీ జీతం 100 అనుకుందాం. 24 గంటలకు 60 అంటే గంట రేటు మారదు. అయితే గంటలు తగ్గించి పని తగ్గించకపోతే మీరు 30 గంటలు కూర్చుంటారు, రేటు ఐదో వంతు పడిపోతుంది. పార్ట్‌టైమ్‌లో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నెలాఖరు క్లోజింగ్, బ్యాంక్ రీకన్సిలియేషన్ (మన లెక్కల్ని బ్యాంకు లెక్కలతో సరిచూడటం) ఇకపై ఎవరివో పేరుతో సహా రాయించుకోండి. వీలైతే రోజుకు 8 గంటల చొప్పున 3 రోజులు అడగండి. రోజూ దాదాపు ఐదేసి గంటలైతే ఐదు రోజుల ప్రయాణ ఖర్చూ అలాగే ఉంటుంది.

అసలు నష్టం రిటైర్మెంట్ పొదుపులో ఉంది. జీతంలో పదో వంతు దాచుకుంటున్నారనుకుంటే, నెలకు 10 కాస్తా 6 అవుతుంది. నెలకు 4 చొప్పున 60 నెలలకు 240. ఏటా 8 శాతం పెరిగే సొమ్ము సుమారు 9 ఏళ్లకు రెట్టింపు, 18 ఏళ్లకు నాలుగింతలు. అంటే ఆ 240 దాదాపు 960 అయ్యేది, ఇప్పటి మీ పూర్తి జీతం తొమ్మిదిన్నర నెలలది. ధరలు పెరిగి దాని విలువ తగ్గుతుంది, నిజమే. అయినా ఆ లోటు పడేది మీ ఒక్కరి ఖాతాలోనే. కంపెనీ కూడా వాటా వేస్తుంటే అదీ తగ్గుతుంది, లోటు ఇంకా పెద్దది. గంటలు తగ్గించుకోవడం ఇంటి కోసం ఇద్దరూ తీసుకున్న నిర్ణయమైనప్పుడు, ఆ 4 ఇంటి ఖర్చుల్లో ఒక పద్దు కావాలి. మీవారి జీతం పడిన రోజే మీ పేరున ఉన్న ఖాతాలోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. మిగిలితే వేద్దాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

ఇల్లు ఇకనుంచి ఎక్కువగా ఆయన జీతం మీద నిలబడుతుంది కాబట్టి ఆయన టర్మ్ ఇన్సూరెన్స్ చాలుతుందో లేదో చూడండి. మీ గంటలు తగ్గితే కంపెనీ ఆరోగ్య బీమా కొనసాగుతుందా, సెలవులు ఎన్ని ఇస్తారు, ఇవి హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. తిరిగి 40 గంటలకు వచ్చే తేదీ కూడా లెటర్‌లో ఉండాలి. నెదర్లాండ్స్‌లో 2000 నాటి చట్టం గంటలు తగ్గించమని, పెంచమని కూడా అడిగే హక్కు ఇచ్చింది. అలాంటి చట్టం లేని చోట మీకు ఆధారం ఆ లెటరే.

సంతకం పెట్టే ముందు మూడు నెలలు 60తోనే గడపండి. మిగతా 40 జీతం వచ్చిన రోజే వేరే ఖాతాలో వేయండి. పన్ను శ్లాబుల వల్ల చేతికొచ్చేది అంతకన్నా కాస్త తక్కువే తగ్గొచ్చు, కానీ ఈఎంఐలూ ఫీజులూ తగ్గవు. మూడు నెలలు నెగ్గుకొస్తే 120 చేతిలో ఉంటుంది, కొత్త జీతం లెక్కన రెండు నెలల అత్యవసర నిధి. మధ్యలో అందులోంచి తీయాల్సి వస్తే, 24 కాకుండా 30 గంటలు, 75 శాతం జీతం అడగండి.