ప్రజల ఖర్చు నెమ్మదిగా మారుతుంటే దేశీయ పెట్టుబడి మాత్రం ఏటా ఇంతగా ఎందుకు ఊగుతుంది?

ఒక ఏడాది పడిపోయి మరుసటి ఏడాది అమాంతం పెరిగే ఈ శాతాలను నమ్మవచ్చా అని కూడా అడిగారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో పంతొమ్మిదేళ్లుగా లారీలకు బాడీలు కట్టే షెడ్డు నడుపుతున్నాను. ఆ ఊపు ముందుగా తగిలేది మాలాంటి వాళ్లకే కాబట్టి, చూసింది చెబుతాను.

ఒక ఓనరుకు పది లారీలు ఉన్నాయనుకోండి. బండి పదేళ్లు తిరుగుతుంది, కాబట్టి ఏటా ఒక పాతది తీసేసి ఒక కొత్తది కొంటాడు. గుంటూరు మిర్చి బాగా కదిలి లోడ్లు పది శాతం పెరిగిన ఏడాది అతనికి పదకొండు కావాలి. పాతదాని బదులు ఒకటి, అదనంగా మరొకటి, మొత్తం రెండు కొంటాడు. లోడ్లు పెరిగింది పది శాతమే, నా పని మాత్రం రెట్టింపైంది. మరుసటి ఏడాది లోడ్లు తగ్గనక్కర్లేదు, అక్కడే ఆగితే చాలు, అతడు మళ్లీ ఒక్కటే కొంటాడు, నా పని సగమవుతుంది. తగ్గితే ఒక్కటీ కొనడు, పాత బండికే టైర్లు మార్చి ఇంకో ఏడాది తిప్పుతాడు. బియ్యం కొనడం వాయిదా వేయలేం, లారీ కొనడం వేయగలం. మీ ప్రశ్నకు జవాబు ముఖ్యంగా ఇక్కడే ఉంది.

2020 ఏప్రిల్-జూన్ తొలి అంచనాలను, అంతకుముందు ఏడాది అవే నెలలతో పోల్చి చూడండి. ప్రజల వినియోగ వ్యయం 26.7 శాతం తగ్గితే, స్థూల స్థిర మూలధన కల్పన, అంటే యంత్రాలు, వాహనాలు, కట్టడాల మీద పెట్టుబడి, వార్తల్లో జీఎఫ్‌సీఎఫ్ అని వచ్చేది, 47.1 శాతం పడిపోయింది. ఆ మూడు నెలల్లో మా షెడ్డుకు ఒక్క కొత్త ఛాసిస్, అంటే బాడీ కట్టాల్సిన లారీ చట్రం, రాలేదు. అడ్వాన్సు ఇచ్చిన ఇద్దరు తిరిగి అడిగితే ఇచ్చేశాను. ఊళ్లకు వెళ్లిన నలుగురు వెల్డర్లలో ఇద్దరే మళ్లీ వచ్చారు. మిగిలిన ఇద్దరి చేతిపని ఇప్పటికీ గుర్తొస్తుంది.

మరుసటి ఏడాది అవే నెలల్లో ఈ పెట్టుబడిలో 55.3 శాతం వృద్ధి అని ప్రకటించారు. మా తమ్ముడు చాలా సంతోషపడ్డాడు. కాగితం మీద వేసి చూపించాను: 2019లో 100 అనుకుంటే 2020లో 53, దానిపై 55 శాతం కలిపితే 82. అంటే ఇంకా 18 తక్కువే. శాతం అబద్ధం కాదు, కానీ దాన్ని ఒంటరిగా చదవకూడదు. కనీసం మూడేళ్ల స్థాయిలు పక్కపక్కన పెట్టుకోండి. స్థిర ధరల్లోనే, అంటే ధరల పెరుగుదలను తీసేసిన లెక్కల్లోనే చూడండి. 2021లో ఇనుప రేకు ధర విపరీతంగా పెరిగి, బాడీల సంఖ్య పెరగకుండానే నా బిల్లుల మొత్తం పెరిగింది.

ఈ లెక్కలో ఏది చేరుతుందో కూడా చాలామంది పొరబడతారు. వ్యాపారానికి కొన్న కొత్త లారీ పెట్టుబడి. ఇంటి అవసరానికి కొన్న కారు వినియోగం. కొత్తగా కట్టిన ఇల్లు పెట్టుబడి. స్థలం చేతులు మారినా, షేర్లు కొన్నా, ఇక్కడి పాత లారీని మరొకరు కొన్నా దేశానికి కొత్త మూలధనం చేరినట్టు కాదు.

ఓనర్లు వెనకడుగు వేసినప్పుడు ప్రభుత్వ ఖర్చు కొంత ఆదుకుంటుంది. 2024-25 బడ్జెట్‌లో కేంద్రం మూలధన వ్యయానికి, అంటే రోడ్ల వంటి ఆస్తుల మీద పెట్టే ఖర్చుకు, 11.11 లక్షల కోట్లు కేటాయించింది. రోడ్డు పని మొదలైతే టిప్పర్లు కావాలి, టిప్పర్లకు తొట్లు కావాలి. అమరావతి శంకుస్థాపన 2015 అక్టోబరులో జరిగాక ఆ తొట్ల పని మాకు బాగా వచ్చింది, 2019 తర్వాత ఆగిపోయింది. రేకు వంచే యంత్రం ఒకటి కొనాలని అప్పటికే బ్యాంకుతో మాట్లాడి ఉన్నాను, మానుకున్నాను. 2025 మేలో రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక, వరుసగా మూడు నెలలు ఆర్డర్లు చూసి ఆగస్టులో కొన్నాను. ఆరేళ్లు వాయిదా పడ్డ నా యంత్రం కూడా ఆ ఏడాది లెక్కలోకే వెళుతుంది.