కాటన్ ఇంటిపేరును వెతకబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఇంగ్లండులో చదువుకుంటున్న నీవు సెలవుల్లో కాటన్ దొరగారి ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు వెతకాలనుకుంటున్నట్టు రాశావు. ధవళేశ్వరం ఆనకట్ట మీద ఆడుకుంటూ పెరిగిన పిల్లకు కలగదగిన కోరికే. ముందుగా నా తప్పు ఒకటి చెబుతాను. నలభై ఏళ్ల కిందట ఒక ప్రత్యేక సంచికకు రాసిన వ్యాసంలో, ఆయన పూర్వికులు పత్తి వర్తకులై ఉంటారని కేవలం పేరు విని తేల్చేశాను.

ఆ పేరుకు పత్తితో సంబంధమే లేదు. పత్తిని చెప్పే మాట అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరింది. ఇంటిపేరు మాత్రం గుడిసె అనే అర్థం గల ‘కాట్’ అన్న పాత ఇంగ్లీషు మాటది. మనం పాకలు అనే మాటను ‘పాకల దగ్గర’ అని మార్చి పలికినట్టే, వాళ్లు ఆ మాట బహువచనానికి విభక్తి చేర్చి ‘కాటుమ్’ అన్నారు. అదే ఊరి పేరై, ఊరి నుంచి వచ్చినవాడి ఇంటిపేరైంది. మన ఇంటిపేర్లలోనూ ఊళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో నీకు తెలియనిది కాదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. కాటన్, కోటన్ అనే ఊళ్లు చెషైర్, స్టాఫర్డ్‌షైర్, సఫోక్, కేంబ్రిడ్జ్‌షైర్‌లలో వేర్వేరుగా ఉన్నాయి కాబట్టి, ఒకరితో ఒకరికి చుట్టరికం లేని కుటుంబాలు ఒకే పేరు ధరించాయి. పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్ ఏకైక రాతప్రతిని తన గ్రంథాలయంలో ఉంచుకున్న రాబర్ట్ కాటన్ (1571–1631) పేరు కనబడగానే సంబరపడి, ఆయనను మన దొరగారి వంశవృక్షంలో కూర్చోబెట్టకు.

అందుచేత ఆనాటి ఊరి నుంచి ఇటు రాకుండా, నిశ్చయంగా తెలిసిన మనిషి నుంచి ఒక్కొక్క తరమే వెనక్కి వెళ్లు. మన దొరగారు, ఆర్థర్ కాటన్, 1803లో పుట్టాడు, హెన్రీ కాల్వెలీ కాటన్ పదవ కుమారుడు. ఈ శాఖ చెషైర్‌లోని కాంబర్‌మియర్‌ది. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు అక్కడి మఠం జార్జ్ కాటన్ చేతికి వచ్చింది. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాని స్టేపుల్టన్ కాటన్ మన దొరగారికి పెదతండ్రి కొడుకు.

ప్రభుత్వ జనన నమోదు 1837 జూలైలో గాని మొదలు కాలేదు. అంతకు ముందు కాలానికి చర్చి జ్ఞానస్నానపు పుస్తకాలే దిక్కు. వాటిని ఉంచమని ఆజ్ఞ 1538లో వెలువడినా, అన్ని చోట్లా ఆనాటివి దొరుకుతాయని ఆశ పెట్టుకోకు. 1752కు ముందు అక్కడ సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కనుక, 1700 జనవరి అని రాసి ఉంటే అది మన లెక్కకు 1701. దీన్ని పట్టించుకోక తండ్రికంటే కొడుకును పెద్దవాణ్ణి చేసినవాళ్లు ఉన్నారు. అక్షరక్రమం కూడా రాసినవాడి చెవిని బట్టి మారేది, కాబట్టి పేరు తేడాగా కనిపించిందని ఏ పుటనూ విడిచిపెట్టకు.

మొదటి రెండు తరాలు తేలగానే, ఏ చర్చి పుస్తకంలో ఏ పుటలో చూశావో గుర్తుపెట్టుకుని నాకు రాయి. ఆ పాత వ్యాసానికి సవరణ రాయవలసి ఉంది.

నీ మేనమామ