ఒకే చీటీ రెండుసార్లు ఎక్కుతోంది

ప్రశ్న: అనంతపురంలో మాకు చీనీ కాయల మండీ ఉంది. కాటా వేయగానే మా పిల్లోళ్లు ఫోన్‌లో చీటీ నంబరు, రైతు పేరు, బరువు, ధర కొడతారు. అజూర్ లాజిక్ యాప్స్ (స్టెప్పులు పేర్చి పెడితే వరుసగా తనంతట తానే నడిపే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ సర్వీసు) ఆ వివరాలు అందుకుని షీట్‌లో రాసి, రైతుకు మెసేజ్ పంపేలా నేనే తయారుచేసుకున్నాను. కాయ ఎక్కువగా దిగిన రోజు ఫోన్‌లో ఫెయిల్ అని వస్తోంది. మళ్లీ నొక్కితే అదే చీటీ రెండోసారి ఎక్కుతోంది. మొన్న ఒక రైతు రెండు మెసేజులు చూపించి రెండు లాట్ల డబ్బు అడిగాడు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు

జవాబు: ముందు లాజిక్ యాప్స్‌లో రన్ హిస్టరీ (ప్రతిసారీ ఏ స్టెప్ ఎలా నడిచిందో చూపే జాబితా) తెరిచి, ఫెయిల్ అన్న టైము దగ్గర చూడండి. షీట్‌లో రాసే స్టెప్ పక్కన పచ్చ టిక్కు ఉందంటే మొదటిసారి పంపిందే ఎక్కింది, జవాబు మాత్రం ఫోన్‌కు సమయానికి చేరలేదు. మీరు ఫోన్‌కు జవాబు పంపే రెస్పాన్స్ స్టెప్‌ను అన్నిటికన్నా చివర పెట్టి ఉంటారు, అంటే షీటూ మెసేజూ అయ్యేదాకా ఫోన్ కాచుకుని ఉండాలి. కన్సంప్షన్ ప్లాన్‌లో (వాడినంతకే డబ్బు కట్టే పద్ధతి) ఆ జవాబుకు గడువు 120 సెకన్లు, మీ ఫోన్ యాప్ అంతకన్నా ముందే విసుగెత్తి వదిలేస్తూ ఉండొచ్చు.

అందుకని రెస్పాన్స్‌ను ట్రిగ్గర్ (ఫోన్ నుంచి వివరాలు అందుకునే మొదటి స్టెప్) వెంటనే పెట్టి, 'అందింది' అని 202 కోడ్ పంపేయండి. మిగతా స్టెప్పులు ఆ తర్వాత వాటంతట అవే నడుస్తాయి. అసలు రెస్పాన్స్ స్టెప్పే లేకపోయినా లాజిక్ యాప్స్ వెంటనే 202 ఇస్తుంది.

ఇంతటితో సగమే అయింది. సిగ్నల్ పోతే పిల్లోళ్లు మళ్లీ నొక్కుతారు, దాన్ని ఎవరూ ఆపలేరు, కాబట్టి రెండోసారి వచ్చినా నష్టం లేకుండా చూసుకోవాలి. దానికి చీటీ నంబరే ఆధారం. షీట్‌కన్నా ముందు అజూర్ టేబుల్ స్టోరేజ్‌లో (వరుసలుగా వివరాలు దాచుకునే చోటు) పార్టిషన్ కీగా తేదీ, రో కీగా చీటీ నంబరు పెట్టి ఇన్సర్ట్ చేయండి, ఈ రెండు కీలూ కలిసే ఒక్కో వరుసకు గుర్తు. ఆ జత ముందే ఉంటే 409 (ఇది ముందే ఉంది అనే ఎర్రర్) అని తిప్పికొడుతుంది, షీటూ మెసేజూ ఆ ఇన్సర్ట్ విజయవంతమైతేనే నడుస్తాయి. ఇన్సర్ట్ ఆర్ రీప్లేస్ మాత్రం వాడకండి, అది నోరు మూసుకుని పాతదాని మీద రాసేస్తుంది. ఒక్క మాట, తేదీని కాటా వేసిన రోజుదే పంపించాలి, సర్వర్ టైము (యూటీసీ) తీసుకుంటే మన టైములో తెల్లవారుజామున ఐదున్నరకు తేదీ మారి అదే చీటీ కొత్తదిగా దూరిపోతుంది.

రైతు ఫోన్ నంబరు ఖాళీగా వదిలేస్తే స్కీమాలో (ఏ గడిలో ఏ రకం వివరం రావాలో చెప్పే పట్టిక) అక్షరాలు ఉండాలని రాసుకున్న చోట నల్, అంటే ఖాళీ విలువ, వచ్చి రన్ ఆగిపోవచ్చు, అది కూడా సరిచేసుకోండి.

అడగలేదు గానీ చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ట్రిగ్గర్ సేవ్ చేయగానే వచ్చే లింకు చివర సిగ్ అని ఒక పొడుగాటి సంతకం ఉంటుంది, అది మీ దుకాణం తాళంచెవి. ఆ లింకు దొరికిన ఎవరైనా మీ పేరుతో చీటీలు రాసేయగలరు. దాన్ని ఫోన్ యాప్‌లోనో వెబ్ పేజీలోనో దాచామనుకుంటే కుదరదు, మధ్యలో చిన్న సర్వర్ పెట్టి అక్కడినుంచే పిలవండి. ఇప్పటికే వాట్సాప్ గ్రూపులో ఎవరికైనా పంపి ఉంటే ఈ రోజే యాక్సెస్ కీలు రీజనరేట్ చేయండి, పాత లింకు పనిచేయకుండా పోతుంది, కొత్తది తీసుకుని సర్వర్‌లో మార్చుకోండి.