మోటివేషన్ లెటర్ రాస్తున్న బిడ్డకు

హనుమకొండ

బిడ్డా,

జర్మనీలో నీటి వనరుల మాస్టర్స్‌కు, ఈ కోర్సు ఎందుకో చెబుతూ నువ్వు రాసిన మోటివేషన్ లెటర్ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. ఇంగ్లిష్ బాగుంది, తప్పులు లేవు. కానీ పైన పేరు తీసేస్తే మీ క్లాసులో ఎవరు రాశారన్నా నమ్మొచ్చు.

"చిన్నప్పటి నుంచి నాకు నీటి వనరులంటే ఎనలేని ఆసక్తి" అని మొదలుపెట్టావు. నేను కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లల ఎస్‌ఓపీలు, అంటే ఇలాంటి లెటర్లే, దిద్దాను. చాలావాటికి ఇదే మొదటి వాక్యం, సబ్జెక్టు పేరు ఒక్కటే మారేది.

మొన్న ఫోన్లో నువ్వు నాకేం చెప్పావో గుర్తు చేసుకో. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిపోయింది. ఆ తర్వాత ప్రాజెక్టు కోసం మీ బ్యాచ్ ములుగు వైపు గొలుసుకట్టు చెరువుల వెంట తిరిగారు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే నీళ్లు కింది చెరువుకు పోవాల్సిన కాలువ ఎక్కడుందో ఊరి నీరటి, అదే చెరువు నీళ్లు చూసుకునే మనిషి, చూపిస్తే, టేపు పట్టి కొలిచారు. "మ్యాపులో కాలువ ఉంది పెద్దబాపూ, నేల మీద పత్తిచేను ఉంది" అన్నావు. ఆ మాట విన్నాకే నీకీ కోర్సు ఎందుకో నాకు అర్థమైంది. డ్రాఫ్టులో అదంతా "ఫీల్డ్ స్టడీ చేశాను" అన్న రెండు ముక్కల్లో పోయింది.

అక్కడ మొదలుపెట్టు. ఏం చూశావు, ఏం కొలిచావు, లెక్క ఎక్కడ ఆగిపోయింది. ఆగిన చోటు చెప్పడానికి మొహమాటపడకు. ఒక మత్తడి మీదుగా ఎంత నీరు పోతుందో బీటెక్ చదువుతో లెక్క కట్టారు. ఒకదాని కింద ఒకటి ఉన్న చెరువులన్నీ ఒకే రాత్రి నిండితే ఏ కట్టకు ముందు ముప్పో చెప్పలేకపోయారు. అది నేర్చుకోవడానికే కదా మాస్టర్స్‌కు పోతానంటున్నావు! దరఖాస్తు చదివే ప్రొఫెసర్ చూసేదీ అదే: ఈ అమ్మాయికి ఏం వచ్చు, ఏం రాదు, ఆ రానిది మా దగ్గర దొరుకుతుందా.

దొరుకుతుందని నువ్వే చూపించాలి. జర్మనీ యూనివర్సిటీలు చాలావరకు కోర్సు పేజీలో మాడ్యూల్ హ్యాండ్‌బుక్, అంటే ఏ సబ్జెక్టులో ఏం చెప్తారో వివరించే పుస్తకం, పెడతాయి. కూర్చొని దాన్ని మొత్తం చదువు. నీ చెరువుల లెక్కకు పనికొచ్చే మాడ్యూళ్లు రెండు చూసుకొని, పేరు పెట్టి, ఎందుకో రాయి. "ప్రపంచస్థాయి ఫ్యాకల్టీ, అత్యాధునిక ల్యాబులు" కొట్టెయ్. యూనివర్సిటీ పేరు మార్చి ఇంకో చోటికి పంపగలిగే పేరా ఏదైనా తీసెయ్యాల్సిందే.

మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ గురించి అరపేజీ రాశావు. ఎందుకు పోయింది, ఎప్పుడు క్లియర్ చేశావు, అంతే, రెండు వాక్యాలు చాలు. మీ బాపు అప్పుల సంగతి నిజమే, నాకంటే ఎవరికి తెలుసు! అది స్కాలర్‌షిప్ ఫారంలో అడిగిన చోట రాయి. ఇక్కడ రాస్తే నీ పని వెనక్కి పోయి జాలి ముందుకొస్తుంది. మార్కులు, సర్టిఫికెట్లు సీవీలో ఉన్నాయి, మళ్లీ వద్దు.

చివర్లో "దేశానికి సేవ చేస్తాను" అన్నావు. నీ మనసులో ఉన్నదే, కాదనను. కానీ ఇరిగేషన్ శాఖలోనా, పరిశోధనలోనా? ఇంకా తేలకపోతే తేలినంతవరకే రాయి.

కన్సల్టెన్సీ ప్యాకేజీలో ఎస్‌ఓపీ కూడా ఉందని మీ అమ్మ చెప్పింది. వద్దు బిడ్డా. ఆ పత్తిచేను నువ్వు చూశావు, వాళ్లు చూడలేదు. చాట్‌జీపీటీతో రాయించినా అంతే. స్పెల్లింగులు చూపించుకో, చాలు. వచ్చే ఏడు యూకేలో డిగ్రీకి అప్లై చేస్తానంటున్న తమ్ముడికీ చెప్పు: అక్కడి దరఖాస్తులు తీసుకునే యూకాస్ ప్రతి స్టేట్‌మెంట్‌నూ తన దగ్గరున్న పాతవాటితో పోల్చి చూస్తుంది. 2026 అడ్మిషన్ల నుంచి ఒకే వ్యాసం బదులు మూడు ప్రశ్నలు పెట్టారు: ఈ కోర్సు ఎందుకు, నీ చదువు దీనికి ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశావు. మూడూ కలిపి, ఖాళీలతో సహా, 4000 క్యారెక్టర్లు.

ఇంగ్లిష్‌లో ఆలోచించి రాయాలంటే టెన్షన్ పడుతున్నావు కదా, ముందు తెలుగులోనే మీ అమ్మకు చెప్పు. ఫోన్లో రికార్డు పెట్టుకో. ఆమె "అంటే ఏంది?" అని అడిగిన చోటల్లా లెటర్లో ఇంకో వాక్యం పడాలి. తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లిష్‌లోకి దించు. నిడివి యూనివర్సిటీ చెప్పినంతే, ఒక్క లైను కూడా ఎక్కువ వద్దు.

ఏపీఎస్ సర్టిఫికెట్‌కు, అదే నీ చదువు పత్రాలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చేదానికి, అప్లై చేశావా? చెయ్యకపోతే ఈ వారమే చెయ్, అది లేకుండా జర్మనీ దరఖాస్తు కదలదు.

ఆదివారంలోగా మొదటి పేరా ఒక్కటి పంపు. ఆ కాలువ వెడల్పు మ్యాపులో ఎంత, మీరు కొలిస్తే ఎంతో ఫీల్డ్ నోట్‌బుక్ చూసి వెయ్యి, గుర్తున్నంత మట్టుకు అని రాయకు.

నీ పెద్దబాపు